ఆది చొక్కా లేనివాళ్లం

బట్టల గురించి రాయడమేంటి, మన బాధలన్నీ తీరిపోయాయా అని అడిగే మిత్రులున్నారు. కూలి గురించి రాయి, భూమి గురించి రాయి అంటారు. రాస్తాం. కానీ మన ఒంటి మీద ఏ గుడ్డ ఉండాలో, అది ఎక్కడిదాకా ఉండాలో తరతరాలుగా నిర్ణయించింది ఊరు. ఊరు అంతగా పట్టించుకున్న సంగతిని మనం పట్టించుకోకూడదా?

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుణ్ణి శవాల మీది బట్టలు కట్టుకోమంది. అది పాత పుస్తకం కదా అని తోసేసేవాళ్లు 1928 నాటి ఇండోర్ సంస్థానం వైపు చూడాలి. బలాయీలు జరీ అంచు తలపాగా చుట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు అని అక్కడి ఊళ్ల పెద్దలు హుకుం జారీ చేశారు. అంబేడ్కర్ తన 'కులనిర్మూలన'లో ఈ సంగతి చెప్పారు. 1930 డిసెంబరులో రామనాథపురం జిల్లాలో కళ్లర్లు ఎనిమిది నిషేధాలు పెట్టారు. అంటరాని మగాళ్లు మోకాళ్ల కిందకీ నడుం పైకీ బట్ట కట్టకూడదు. కోటు, చొక్కా, బనీను వేసుకోకూడదు. అప్పటికి రామనాథపురం, మా సామర్లకోట రెండూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాయి. బనీను కూడానా! ఒకడి ఒంటి మీది బనీను ఇంకొకడికి ఎక్కడ గుచ్చుకుంది?

మా ఊళ్లో అట్లా రాసిపెట్టిన నిషేధం నేను చూళ్లేదు. రాయక్కర్లేకుండానే నడిచేది. మా పెదనాన్న పాలేరు. ఏడాదికి జీతం గింజలతో పాటు ఒక పంచెల చాపు, కామందు కొడుకు విడిచిన చొక్కా ఒకటి ఇచ్చేవోరు. కామందు కొడుకు పీలగా ఉండేవోడు. మా పెదనాన్నది అరక దున్నిన ఛాతీ. గుండీలు ఎప్పుడూ కలిసేవి కావు. రొమ్ము విరుచుకు తిరుగుతున్నాడని కొందరు అనేవోరు, పాపం లేనోడని కొందరు అనేవోరు. ఆ చొక్కా ఇతని కొలతకి కుట్టింది కాదు అని మాత్రం ఎవరూ అనలేదు. అతనికంటూ ఒక కొలత ఉంటుందన్న ఊహే వాళ్లకి లేదు.

అదే ఊళ్లో భీమేశ్వరుడి గుళ్లో పూజారి చొక్కా లేకుండానే నిలబడతాడు. ఆయన్ని ఎవరూ లేనివాడనరు. జందెం ఉన్న ఒంటికి బట్ట లేకపోతే మడి. మా పెదనాన్న ఒంటికి బట్ట లేకపోతే అది అతని తాహతు. బట్ట లేకపోవడం ఇద్దరికీ ఒకటే, అర్థమే వేరు.

నేను హైస్కూల్లో చేరిన ఏడు మా నాన్న గుడ్డ కొని నన్నొక టైలరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన కుర్చీలోంచి లేవకుండానే "ఆది తెచ్చావా?" అన్నాడు. పాత చొక్కా ఇస్తే దాన్ని పరిచి కొలుచుకుంటారు, అదే ఆది. మనిషి ఒంటి మీద టేపు పెట్టే పని తప్పుతుంది. "అసలు చొక్కాయే లేనోడికి ఆది ఎక్కణ్ణించి వస్తదండీ" అన్నాడు మా నాన్న. ఆయన నన్ను దూరం నుంచే ఎగాదిగా చూసి, ఏవో అంకెలు రాసుకున్నాడు. అంకెల్లో తప్పు లేకపోవచ్చు. కానీ నా వెనక వచ్చిన అబ్బాయి మెడ చుట్టూ టేపు తిరిగింది, నా మెడ చుట్టూ తిరగలేదు. అంటరానితనం నూతి దగ్గరా గుడి దగ్గరా మాత్రమే ఉంటుందని రాసే విమర్శకులు ఈ టేపు సంగతి కూడా రాసుకోవాలి.

తర్వాత మా పేటలోనే ఒకాయన కాకినాడలో పని నేర్చుకుని వచ్చి, అరుగు మీద పాత ఉషా మిషను పెట్టాడు. నాకు మామ వరస. "చేతులు చాపరా అల్లుడా" అని మెడకీ ఛాతీకీ టేపు చుట్టి, లోపల రెండు వేళ్లు పెట్టి వదులు చూశాడు. "కుడి బుజం దిగింది, మోతలు మోస్తన్నావేంట్రా" అన్నాడు. మోసేవాణ్ణే. ఆ వైపు గుడ్డ కాస్త దించి కోశాడు. కోటయితే దిగిన భుజం కింద దూది ఒక పొర ఎక్కువ వేస్తారని చెప్పాడు. మా అమ్మ ఆ మామ దగ్గర్నుంచి చొక్కాలు తెచ్చుకుని రాత్రిళ్లు లాంతరు ముందు కాజాలు కుట్టేది, గుండీలు వేసేది. కుట్టుపనిలో ఉన్న న్యాయం నాకక్కడ తెలిసింది. కష్టం చేసి ఒంగిన ఒంటికి తగ్గట్టు గుడ్డ ఒంగాలి గానీ, ఎవరో విడిచిన గుడ్డలో ఇమడడానికి ఒళ్లు ఒంగకూడదు.

కోటు ఈ పనికి పై మెట్టు. పైన గుడ్డ, లోపల అస్తరు, రెంటి మధ్య కాన్వాసు. మంచి పనివాడు ఆ కాన్వాసుని చేతికుట్లతో ఛాతీ వంపుకి పట్టిస్తాడు. చవక పనిలో జిగురుతో అంటిస్తారు. మా పేటకి కోటంటే ముందుగా తెలిసింది ఉపదేశి గారి కోటే. కెనడా బాప్టిస్టు మిషను 1882లో సామర్లకోటలో సెమినరీ పెట్టింది. కోటు వేసుకున్న మనవాణ్ణి మనవాళ్లు 'అయ్యగారు' అనడం చూసి ఊరు విస్తుపోయిందని మా తాత చెప్పేవోడు. మన ఎండల్లో ఆ కోటు ఉక్కపోతే. అయినా విప్పలేదట!

అందుకే సూటు దొరల వేషం, బానిస మనస్తత్వం అనే విమర్శని నేనొప్పుకోను. ఇంగ్లండులోనే పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రమ్మెల్ అనే ఆయన లేసులూ జరీపనీ పక్కకి నెట్టి, ముదురు రంగు కోటు, తెల్ల మెడగుడ్డ, చక్కటి కోత చాలన్నాడు. ఆయన తాత ఒక ఇంట్లో పరిచారకుడు. వంశాన్ని చాటే పట్టుకంటే ఒంటికి కుదిరిన కోత గొప్పదనడం ఆ పూట చిన్న మాట కాదు. మన దేశంలో తలపాగా చుట్టిన తీరూ, పంచె కట్టిన తీరూ చూసి కులం చెప్పగలిగేవోరు. సూటు మీద కులం రాసి ఉండదు.

ఇప్పుడు నిరాడంబరత సంగతి. 1921 సెప్టెంబరులో మదురైలో గాంధీ చొక్కా విడిచి కొల్లాయి కట్టారు. బీదలతో ఒకటి కావాలనే కట్టారు, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ అదే గాంధీ, లండన్ చదువు రోజుల్లో బాండ్ స్ట్రీట్‌లో పది పౌన్లు పోసి సూటు కుట్టించుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. విడవాలంటే ముందు ఉండాలి కదా! ఉన్నవాడు విడిస్తే త్యాగం. లేనివాడు అలాగే ఉండిపోతే దాన్నేమనాలి? ఆ 1920ల మొదట్లోనే గరిమెళ్ల 'మాకొద్దీ తెల్లదొరతనము' అంటే, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న 'మాకొద్దీ నల్లదొరతనం' అని జవాబిచ్చాడు. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి గాంధీ కొల్లాయితో వెళ్లారు, అంబేడ్కర్ సూటుతో వెళ్లారు. ఆ రెండు బట్టలూ ధర్మన్న ఎత్తిన తగువునే ప్రపంచం ముందు పెట్టాయి.

మన గురించి జాలిపడి రాసిన అగ్రవర్ణ కథల్లో మనం గోచీతోనే ప్రవేశిస్తాం. చిరుగులు లేకపోతే వాళ్లకి కన్నీళ్లు రావు. డీక్లాస్ అవడమంటే నలిగిన లాల్చీ, భుజాన సంచీ అనుకున్న మిత్రులు కూడా ఇస్త్రీ చొక్కా వేసిన దళిత ఉద్యోగిని చూసి నవ్వుతారు. వాళ్ల నలిగిన లాల్చీ వెనక ఇల్లుంది, పేరుంది. మన ఇస్త్రీ మడత వెనక ఇంకేమీ లేదు.

అయితే సూటు కులాన్ని కాల్చేస్తుందని నమ్మితే అదీ పొరపాటే. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ని బట్టల వైపు నుంచి మళ్లీ చదవండి. 1901లో తండ్రి దగ్గరికి వెళుతూ మసూర్ స్టేషన్‌లో దిగిన పిల్లలు కొత్త బట్టల్లో ఉన్నారు. స్టేషన్ మాస్టరు వాళ్లని బ్రాహ్మణ పిల్లలనుకుని దగ్గరికొచ్చాడు. మహర్లమని చెప్పగానే మొహం మారిపోయి వెళ్లిపోయాడు. బట్టలు అవే, పిల్లలు అవే. పెద్దయ్యాక అమెరికా, లండన్ చదువులు చదివి బరోడా వస్తే, పార్సీ సత్రంలోంచి కర్రలు పట్టుకుని వచ్చి వెళ్లగొట్టారు. ఆ పుస్తకంలో బట్ట ప్రతిసారీ మాట పుట్టేదాకానే కాపాడుతుంది. పేరు అడగగానే ఓడిపోతుంది. ఇది తెలిసి కూడా ఆయన సూటు మానలేదు. కులం దాచుకోవడానికే వేసుకుంటే మానేసేవారు. తన కొలత తనదని చెప్పడానికి వేసుకున్నారు.

ఆ మాట చెప్పినందుకే దెబ్బలు పడతాయి. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది శవాలయింది. అదే హాల్లో వాళ్లతో సమానంగా కూర్చోవడమే ఓర్వలేదు. 2023లో గుజరాత్ బనాస్‌కాంఠా జిల్లాలో, మంచి బట్టలు వేసి నల్లకళ్లద్దాలు పెట్టాడని ఒక దళిత కుర్రాణ్ణీ, అడ్డమొచ్చిన తల్లినీ కొట్టారని కేసు నమోదైంది. బట్ట చిన్న విషయమైతే ఈ దెబ్బలెందుకు?

మనలో మనం కూడా ఒక మాట అనుకోవాలి. అంబేడ్కర్ 1927 డిసెంబరులో మహాడ్‌లో ఆడవాళ్లని పిలిచి, అంటరానితనాన్ని పట్టిచ్చే చీరకట్టు మానమన్నారు. వాళ్లు వెంటనే మార్చుకున్నారు. మనం సూటు గురించి మాట్లాడినంతగా ఆ చీరల గురించి మాట్లాడలేదు. కాజాలు కుట్టిన మా అమ్మకి ఏ టైలరూ కొలత తీయలేదు.

మంచిగా తయారవడమంటే ఎవరి కంటా పడకుండా ఉండడమేనని ఇంగ్లీషు మర్యాద చెబుతుంది. గౌరవం పుట్టుకతో వచ్చినవాళ్లకి అది సరిపోతుంది. మనం కంటపడాలి. పేటల్లో నీలం సూటు విగ్రహాలు పెట్టుకుంటున్నది అందుకే. సిమెంటు కోటు కోత ఎట్లా ఉన్నా, మన ఆది చొక్కా అదే. ఇవాళ రెడీమేడ్ షాపులో కులం అడగరు, మంచిదే. కానీ విద్యార్థులారా, వీలైతే ఒక్కసారైనా గుడ్డ కొని కుట్టించుకోండి. టేపు మీ ఒంటి మీద తిరగనివ్వండి. దిగిన భుజాన్ని దాచకండి. దాన్ని కొలిచి కుట్టమనండి.