నాలుగు నాలుగుల తేదీ

ఈ వారం ఒక పుస్తకం నాకు కోపం తెప్పించింది. మా మేనకోడలు నర్సింగ్ పూర్తిచేసి జపాన్ వెళ్ళాలని జపనీస్ మొదలుపెట్టింది. తేదీల పాఠంలో పేజీ నిండా పట్టిక, దాని కింద ఒక్క ముక్క: వీటికి నియమం లేదు, కంఠస్థం చెయ్యండి. బట్టీ చదువు గురించి నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్తేమీ కాదు. ఎక్కాల మీద రాసినప్పుడు మీలో కొందరు ఘాటుగానే ఉత్తరాలు రాశారు. కారణం చెప్పకుండా అప్పజెప్పించుకోవడం చదువు కాదన్నది నా వాదం.

"అయితే ఆ కారణమేదో మీరే చెప్పండి మామయ్యా" అంది. వారాలతో మొదలుపెట్టాను.

గెత్సుయోబి చంద్రుడి రోజు, మన సోమవారం. జపనీయులకు కుజుడు నిప్పు చుక్క, కాబట్టి కయోబి మంగళవారం. బుధుడు నీటి చుక్క, గురుడు చెట్టు చుక్క, శుక్రుడు లోహపు చుక్క, శని మట్టి చుక్క. అవే సుయియోబి, మొకుయోబి, కిన్‌యోబి, దొయోబి. నిచియోబి సూర్యుడిది. అచ్చంగా మన వరసే! గ్రహాల పేరిట వారాలు పడమటి నుంచి మన జ్యోతిషంలోకి వచ్చాయి. ఆ విద్యను 8వ శతాబ్దంలో అమోఘవజ్రుడనే బౌద్ధ భిక్షువు చైనా భాషలో గ్రంథంగా కూర్చాడు. కూకాయ్ అనే సన్యాసి 806లో దాన్ని చైనా నుంచి జపాన్‌కు పట్టుకెళ్ళాడు. ఆ తర్వాత వెయ్యేళ్ళపాటు వారం అక్కడ పంచాంగం చూసేవాళ్ళ లెక్కగానే ఉండిపోయింది. మెయిజీ ప్రభుత్వం 1873 జనవరి 1న పాత పంచాంగం వదిలి ఇంగ్లీషు క్యాలెండర్‌కు మారింది, 1876లో సర్కారు ఆఫీసులకు ఆదివారం సెలవిచ్చింది. అప్పుడుగానీ వారం మామూలు జనం బతుకులోకి రాలేదు.

ఇంత కథ విన్నాక అమ్మాయి వారాలు మళ్ళీ తడుముకోలేదు. "మరి నాలుగు సంగతేంటి?" అని అడిగింది.

ఏప్రిల్ 4, నాలుగు గంటల నాలుగు నిమిషాలు. జపనీస్‌లో షిగత్సు యొక్క, యొజి యొన్‌పున్. అంకె ఒకటే, వేషాలు నాలుగు. 'షి' అంటే చావు కూడా కనుక ఆ పలుకు తప్పిస్తారంటారు. నిజమే, మరి బళ్ళూ ఆఫీసులూ కొత్త ఏడాది మొదలుపెట్టే నెలకే షిగత్సు అని పేరుండటమేమిటి? తేదీల్లో మొదటి పదీ దేశవాళీ మాటలు, ఆపైన చైనా నుంచి తెచ్చుకున్న లెక్క అని చెప్పొచ్చు. కానీ 14, 24 తిరిగి యొక్క దగ్గరికే వస్తాయి, 20 హత్సుక అంటూ విడిగా నిలబడుతుంది. తవ్వుకుంటూ పోతే ప్రతిదానికీ ఏదో ఒక చరిత్ర దొరుకుతుంది. ఆస్పత్రిలో పెద్దాయన తనను ఇంటికి ఎప్పుడు పంపిస్తారని అడిగినప్పుడు మాత్రం ఆ చరిత్ర పనికిరాదు. నాలుగో తారీఖు యొక్క, ఎనిమిదో తారీఖు యోక. ఆ తేడా ఆలోచించకుండా నోటికి రావాలి.

కాబట్టి ఎక్కం చదివినట్టే పైకి చదవమన్నాను: త్సుయితచి, ఫుత్సుక, మిక్క, యొక్క, ఇత్సుక, ముయిక, ననొక, యోక, కొకొనొక, తోక. రోజూ పొద్దున్నే, ముందు నుంచీ వెనక నుంచీ. తెలుగు లిపిలో రాసుకోమన్నాను. మనకు ఒ, ఓ వేరువేరు, ద్విత్వం వేరు. యొక్కకూ యోకకూ తేడా కంటికే కనబడుతుంది. చుక్క, చుట్టం అని పలికేవాళ్ళకు ఆ 'త్సు' కూడా కష్టం కాదు. తేదీల వరకూ బట్టీయే సరైన దారి, కారణాలు తర్వాత తీరిగ్గా చెప్పుకోవచ్చు. ఉత్తరాలు రాసినవాళ్ళకు ఈ మాట చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

ఆ పుస్తకం మీద కోపం మాత్రం తగ్గలేదు, ఇప్పుడది ఇంకో పేజీ మీదికి మళ్ళింది. టైము చెప్పేటప్పుడు చేర్చే 'ని' గురించి యాట్, ఆన్, ఇన్ అంటూ ఇంగ్లీషులో పేజీడు వివరణ. సన్‌జి ని కిమస్ అంటే మూడు గంటలకి వస్తాను. అషిత కిమస్ అంటే రేపు వస్తాను. 'రేపుకి వస్తాను' అని మనమూ అనం, 'అషిత ని' అని వాళ్ళూ అనరు. తెలుగు పిల్లకు రెండు వాక్యాల్లో తేలిపోయే పాఠాన్ని ఇంగ్లీషు మీదుగా ఎందుకు తిప్పాలి?