బార్ట్లీ వెన్నెల
1957 నాటి 'మాయాబజార్' అనగానే ఎస్.వి.రంగారావునీ సావిత్రినీ తలుచుకుంటాం. తప్పులేదు. కానీ ఆ మాయను నమ్మించింది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ పనితనం. కంప్యూటర్ లేని రోజుల్లో లడ్డూలు వాటంతటవే ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడ్డాయి; నలుపు తెలుపుల్లోనే పడవ పాటకు చల్లని వెన్నెల కాసింది. ఇవాళ్టి గ్రాఫిక్స్ ముందు అవి చిన్న కిటుకులేనని కొందరంటారు. సాంకేతికంగా ఆ మాట కాదనలేం. అయితే బార్ట్లీ కిటుకు నటుణ్ణి ఎన్నడూ కప్పేయలేదు. లడ్డూ ఎగిరినా మన చూపు రంగారావు ముఖంలోని తృప్తి మీదే నిలుస్తుంది. కథానాయిక శశిరేఖ రూపంలో ఉన్నది ఘటోత్కచుడని సావిత్రి నడకా చూపూ చెబుతుంటే, కెమెరా ఆమెకు చోటిచ్చి పక్కకు తప్పుకుంది.

ఘనతంతా దర్శకుడు కె.వి.రెడ్డిదేనంటే ఒప్పుకోలేను; ఊహ ఆయనదైనా, దాన్ని వెలుగునీడల్లో కొలిచి చూపినవాడు బార్ట్లీ. అందుకే 2010లో రంగులద్దిన ప్రతి వచ్చినా, పాత ప్రతినే చూడమంటాను.