అంటు, ముట్టు, మాస్కు

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో పాటు మన నోళ్లలోకి వచ్చిన మాట 'సామాజిక దూరం'. ఇంగ్లీషు మాటకి పదానికి పదం పెట్టి పత్రికలూ ప్రభుత్వాలూ దాన్ని అలవాటు చేసేశాయి. మనుషులు పాటించాల్సింది భౌతిక దూరమనీ, సామాజికంగా ఒకరికొకరు దగ్గరగానే ఉండాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నెలలోనే చెప్పింది. తర్వాత మనవాళ్లూ మాట మార్చారు. అయినా ఆ మొదటి మాట తెలుగులో అంత తేలిగ్గా ఎందుకు అతుక్కుపోయింది? ఊరికి ఎడంగా వాడని పెట్టిన సమాజం మనది. నెలకి మూడు రోజులు ఆడవాళ్లని దూరం కూచోబెట్టి, విడిగా కంచం, చెంబు, చాప ఇచ్చిన సమాజం మనది. క్వారంటైన్ అనే మాట వెనక వెనిస్ ఓడరేవు నలభై రోజుల లెక్క ఉంది. మన లెక్కలు మనకున్నాయి. ముట్టుకి మూడు రోజులు, పురిటికి పది రోజులు, కులానికి జీవితకాలం.

'అంటు' అనే మాటనే చూడండి. అంటువ్యాధి, అంటరానితనం, అంట్లు. రోగం, కులం, ఇంటిచాకిరీ మూడూ ఆ ఒక్క మాట చుట్టూనే ఉన్నాయి. మహమ్మారి గురించిన సాహిత్యాన్ని ఈ మూడింటినీ కలిపి చదవకపోతే సగమే అర్థమవుతుందని నా వాదన.

లాక్‌డౌన్ నెలల్లో చాలామంది మళ్లీ తీసి చదివిన నవల అల్బేర్ కామూ 'ప్లేగు' (1947). నేనూ చదివాను. ఊరు మూతపడటం, ఎడబాటు, నిస్సహాయత గురించి అందులో ఉన్నంత లోతుగా ఎక్కడా లేదనే ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఈసారి చదువుతున్నప్పుడు, ఆ నగరంలో రోగుల పక్కబట్టలు ఎవరు ఉతుకుతున్నారు, ఎవరు వండుతున్నారు అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. డాక్టర్ రియూ భార్య రోగం రాకముందే శానటోరియంకి వెళ్లిపోతుంది, చివర్లో ఆమె చావు కబురు టెలిగ్రాంగా వస్తుంది. పత్రికా విలేకరి రాంబేర్ ప్రియురాలు పారిస్‌లో ఉంటుంది. గుమాస్తా గ్రాన్ భార్య అతన్ని ఎప్పుడో వదిలి వెళ్లింది. అతను రాసి రాసి ఎన్నటికీ పూర్తిచెయ్యలేని ఆ ఒక్క వాక్యంలో గుర్రమెక్కిన అందమైన స్త్రీ ఉంటుంది. ఊళ్లో మిగిలింది రియూ తల్లి. ఇల్లు చూసుకుంటూ కిటికీ దగ్గర మౌనంగా కూచుంటుంది. స్త్రీలు దూరంగా ఉన్నారు కాబట్టే అక్కడ మగవాళ్ల ఏకాంతం అంత గంభీరంగా, అంత తాత్వికంగా సాధ్యపడింది. అల్జీరియాలో జరిగే ఆ కథలో అరబ్బులు దాదాపు కనిపించకపోవడం గురించి విమర్శకులు చాలా రాశారు. చాకిరీ కనిపించకపోవడం గురించీ అంతగానూ రాయాలి.

దీని పక్కన కాథరిన్ ఆన్ పోర్టర్ 'పేల్ హార్స్, పేల్ రైడర్' (1939) పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 1918 ఇన్‌ఫ్లుయెంజాని అనుభవించి బతికిన రచయిత్రి ఆమె. కథలో మిరాండా పత్రికలో నాటక సమీక్షలు రాసే ఉద్యోగిని. అద్దెగదిలో జబ్బుపడితే ఇంటావిడ ఆమెని బయటికి పంపెయ్యమంటుంది. సేవ చేసేవాడు ఆడమ్ అనే సైనికుడు. మందిస్తాడు, కాఫీ తెస్తాడు, ఆ రోగమే తగులుకుని చనిపోతాడు. సేవ చెయ్యడమంటే ప్రాణం పణంగా పెట్టడమని పోర్టర్‌కి తెలుసు. మన దేశంలో ఆ పణం పెట్టింది ఎక్కువగా ఆడవాళ్లే. 1918లో కోటికి పైగా జనం చనిపోయిన ఆ ఉపద్రవంలో ఇక్కడ మగవాళ్లకన్నా ఆడవాళ్లే ఎక్కువగా పోయారు. చాలీచాలని తిండి, రోగులకి సేవలు దీనికి కారణాలుగా చెప్తారు. ఆ స్త్రీల కథ మనకి మిగల్లేదు.

మరి 2020లో? ఒంటరితనం గురించి బోలెడన్ని కవితలొచ్చాయి. ఒంటరితనమూ ఏకాంతమూ ఒకటి కావు. ఇంటినిండా మనుషులు చేరిపోయిన ఆ రోజుల్లో చాలామంది స్త్రీలు పోగొట్టుకున్నది ఉన్న కాస్త ఏకాంతాన్నే. 2019 జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనుల్లో పాల్గొన్న ఆడవాళ్లు వాటికి రోజుకి సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. మగవాళ్లకి అది 97 నిమిషాలు. అదీ ఆ పనుల్లో చెయ్యిపెట్టిన నాలుగోవంతు మగవాళ్ల లెక్క. లాక్‌డౌన్‌కి ముందే పరిస్థితి ఇది. పనిమనుషుల్ని అపార్టుమెంట్ల గేటు దగ్గరే ఆపేశాక అంట్లు మధ్యతరగతి స్త్రీ చేతికొచ్చాయి. గేటు బయట నిలబడ్డ స్త్రీకి జీతం ఆగింది. రెండోది మన కవిత్వంలోకి వచ్చినంతవరకూ జాలిగానే వచ్చింది.

ఆన్‌లైన్‌లో చలం 'మైదానం' పాఠం చెప్పాల్సి వచ్చింది నాకు. రాజేశ్వరి గురించి అడిగితే ఎప్పుడూ వాదించే అమ్మాయిలు మ్యూట్ తియ్యలేదు. ఒకమ్మాయి, "గదిలో నాన్న, అన్నయ్య ఉన్నారు మేడమ్, టైపు చేస్తాను" అని చాట్‌లో రాసింది. వర్జీనియా వుల్ఫ్ 1929లో అడిగిన సొంత గది విలువ నాకు ఆ ఒక్క వాక్యంలో తెలిసింది. 2020 ఏప్రిల్లో జాతీయ మహిళా కమిషన్ గృహహింస ఫిర్యాదులకి వాట్సాప్ నంబరు ఇచ్చింది. కొట్టేవాడు పక్కనే ఉంటే ఫోనులో మాట్లాడటమెలా? ఇక్కడా ఆమెకి మిగిలింది నిశ్శబ్దంగా టైపు చెయ్యడమే.

ఇక మాస్కు. మనిషి ఎప్పుడూ ముసుగులోనే ఉన్నాడు, ఇప్పుడు కొత్తదొకటి తొడిగాడు అనే ధోరణి కవితలు చదివి చదివి విసుగొచ్చింది. మాస్కు ప్రతీక కాకముందు జానెడు గుడ్డ. దాన్ని ఎవరో కత్తిరించి, కుట్టి, నాడా పెట్టాలి. తలకి మూడు చొప్పున 16 కోట్ల మాస్కులు పంచాలని 2020 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించినప్పుడు ఆ కుట్టుపని పొదుపు సంఘాల ఆడవాళ్లకి అప్పజెప్పింది. కుట్టు మిషను ముందు వంగిన ఆ నడుముల్ని ఏ ముసుగు కవితలోనూ నేను చూళ్లేదు.

ఆ గుడ్డకి అర్థం కూడా కప్పుకున్న మనిషిని బట్టే మారుతుంది. బహిరంగ ప్రదేశాల్లో ముఖం కప్పుకోవడాన్ని ఫ్రాన్స్ చట్టం 2011 నుంచి నిషేధించింది. దాని దెబ్బ ప్రధానంగా నిఖాబ్ వేసుకునే ముస్లిం స్త్రీల మీద పడింది. 2020 మేలో అదే దేశం బస్సుల్లో, రైళ్లలో ముఖానికి మాస్కు తప్పనిసరి చేసింది. ఆ చట్టం మాత్రం అలాగే ఉంది. ముఖం కనిపించకపోతే పౌరజీవనం దెబ్బతింటుందన్న వాదన ఏమైపోయినట్టు?

ఇంటింటికీ తిరిగి జ్వరాలు లెక్కపెట్టిన ఆశా కార్యకర్తలకి 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పురస్కారం ప్రకటించింది. దేశంలో వాళ్లు సుమారు పది లక్షలమంది. వాళ్లకిచ్చేది అప్పటికీ జీతం కాదు, పారితోషికమే. ప్రశంస ఇచ్చి జీతం ఎగ్గొట్టడం ఇంట్లో అమ్మకి మనం ఎప్పుడూ చేసేదే.

కరోనా సంకలనాలు చాలా వచ్చాయి, ఇంకా వస్తాయి. వాటిని చదివే విమర్శకులుగా మనం అడగాల్సింది, ఈ ఏకాంతానికి అంట్లు తోమిందెవరు అని. ఆ ప్రశ్నకి జవాబు తెలిసినవాళ్లు చాలామంది ఇంకా రాయలేదు. రాయడానికి వాళ్లకి ఆ రోజుల్లో గదీ లేదు, తీరికా లేదు. ఆలస్యంగా వచ్చే ఆ రాతల్ని సందర్భం దాటిపోయిందంటూ తిప్పి పంపకుండా చూసుకోవడం మన బాధ్యత.