తాడు ఎవరి చేతిలో ఉంది?

ఫలానా సినిమాకి ఫలానా నాయికను ‘రోప్ ఇన్’ చేశారన్న వార్త మన ఇంగ్లిష్ పత్రికల్లో తరచూ కనిపిస్తుంది. ఆమె ఇష్టం లేకుండా ఒప్పుకుందని ఎవరూ అనుకోరు. తీసుకున్నారు, అంతే. న్యూజిలాండ్ దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో తెలుగువాళ్ళు ఉగాది ఆహ్వానంలో ‘ముఖ్య అతిథిగా మేయర్‌ని రోప్ ఇన్ చేశాం’ అని రాశారనుకోండి. అక్కడివాళ్ళకి అది, పాపం ఆయన్ని మొహమాటపెట్టి పట్టుకొస్తున్నట్టు వినిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఎదుటివారికి మనసు లేకపోయినా ఒప్పించడమనే అర్థం చెబుతుంది. పుట్టుకే అలాంటిది. అమెరికాలో పశువుల మీదికి తాడు విసిరి పట్టేవారు. 19వ శతాబ్దంలో జూదగృహాలకి అమాయకుల్ని తోలుకొచ్చే దళారిని ‘రోపర్’ అన్నారు.

ఆ అయిష్టం ఎంత అన్నదే అసలు ప్రశ్న. ‘డ్రాగ్ ఇంటు’ అంటే తగాదాలోకో కోర్టుకో ఈడ్వడం, అందులో కోపముంది. రోప్ ఇన్‌లో అది లేదు. ఉదాహరణకి, 1967లో ‘ఇండియన్’ కంపెనీ పాత మోటార్‌సైకిల్ మీద ప్రపంచ రికార్డు నెలకొల్పిన ఇన్వర్‌కార్గిల్ వాసి బర్ట్ మన్రో పేరిట ఫిబ్రవరిలో అక్కడ పోటీలు జరుగుతాయి. గేటు దగ్గర నిలబడ్డ వాలంటీర్ ‘ఐ గాట్ రోప్డ్ ఇన్’ అంటే ఫిర్యాదు చేస్తున్నాడని కాదు. నాదేం గొప్ప, అడిగితే కాదనలేకపోయానని అర్థం. మన ‘బుక్కైపోయా’ సరిగ్గా ఇదే. ‘ఇరికించారు’ కాస్త ఘాటు, ‘రంగంలోకి దించారు’లో అయిష్టం ఊసే లేదు. కాబట్టి మాట బరువు చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది. తాడు పడ్డవాడు చెప్పుకుంటే వినయం, విసిరినవాడు చెబితే డాబు. సినిమా వార్త ఎప్పుడూ నిర్మాత వైపు నుంచే వస్తుంది గనక నాయిక మనసు సంగతి అందులోకి రానే రాదు.

మన ఇంగ్లిష్ మనది, దొరల అనుమతి ఎందుకంటారా? నిజమే, హైదరాబాద్‌లో ఇది తప్పు కాదు, ముందుకు జరపడానికి మనం వాడే ‘ప్రీపోన్’ లాగే. అయితే ప్రీపోన్ అర్థం కానివాడు ఏమిటని అడుగుతాడు. రోప్ ఇన్ వింటే అర్థమైందనుకుని ఊరుకుంటాడు, చిక్కంతా అక్కడే. సందర్భాన్ని బట్టి సర్దుకుంటారనేవారు ఎదురుబదురు మాటల్ని మనసులో పెట్టుకుని అంటున్నారు. అచ్చులో గొంతు వినపడదు. మేయర్‌గారి విషయంలో ‘వస్తున్నారు’ అంటే సరిపోతుంది. కుర్చీలు సర్దడానికి, పులిహోర కలపడానికి దొరికిపోయిన కుర్రాళ్ళకైతే రోప్ ఇన్ ఏ దేశంలోనైనా చెల్లుతుంది, ఆ ముక్క వాళ్ళని చెప్పుకోనిస్తే.