తల మార్చిన బొమ్మ, మిగిలిన తల: ఫ్యాషన్ బొమ్మల పునర్నిర్మాణంపై ఒక విమర్శ

సంగ్రహం:
ఒక ఫ్యాషన్ బొమ్మ తలను మరొక బొమ్మ మొండేనికి అమర్చి కొత్త బొమ్మను రూపొందించడం నేడు అనేక దేశాల్లో వయోజనుల అభిరుచిగా స్థిరపడింది. 'తల ఎవరిదో వ్యక్తి వారే' అన్న భావన ఈ వ్యాసంగానికి ఆధారం. మన భేతాళ కథలో రాజు చెప్పిన సమాధానమూ ఇదే. ఈ సమాధానాన్ని బొమ్మల నిర్మాణంతోనూ, గిరీష్ కర్నాడ్ 'హయవదన' నాటకంతోనూ, రేణుకా ఎల్లమ్మ కథతోనూ పోల్చి పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. తల మార్పిడిలో ఏది గెలిచిందన్న ప్రశ్న కంటే, ఏది మిగిలిపోయిందన్న ప్రశ్న విమర్శకు ఎక్కువ ఉపయోగకరమని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫ్యాషన్ బొమ్మలు, బార్బీ, తల మార్పిడి, భేతాళ కథలు, హయవదన, ఎల్లమ్మ, వర్ణం.

1. ప్రవేశిక

బొమ్మ అనగానే దానిని చేసినవారు, దానితో ఆడుకునేవారు గుర్తుకు వస్తారు. ఈ ఇద్దరికీ చెందని మూడవ వర్గం ఒకటి ఉంది. కొనుక్కున్న బొమ్మను విడదీసి, మరొక బొమ్మ భాగాలతో కలిపి, ఏ కర్మాగారమూ తయారుచేయని బొమ్మను సృష్టించేవారు వీరు. ఇది వట్టి కాలక్షేపంగా కనిపించవచ్చు. కానీ వ్యక్తి గుర్తింపు ఎక్కడ ఉంటుంది, శరీరానికి విలువ ఎవరు కడతారు అనే పాత ప్రశ్నలను ఇది చేతిపనిగా మార్చి మన ముందు పెడుతుంది. ఆ ప్రశ్నలకు భారతీయ కథాసంప్రదాయంలో దీర్ఘమైన చరిత్ర ఉన్నందువల్ల, ఈ వ్యాసంగాన్ని తెలుగు సాహిత్య విద్యార్థులు పట్టించుకోవలసిన అవసరం ఉంది.

2. పద్ధతి, ప్రయోజనం

1959 మార్చి 9న న్యూయార్క్ బొమ్మల ప్రదర్శనలో మాటెల్ సంస్థ బార్బీని తొలిసారి ప్రదర్శించింది. సుమారు 29 సెంటీమీటర్ల ఎత్తున్న ఈ బొమ్మ తల మెత్తని వినైల్‌తోనూ, మొండెం దానికంటే గట్టి ప్లాస్టిక్‌తోనూ తయారవుతుంది. ఈ పదార్థభేదమే తల మార్పిడికి వీలు కల్పిస్తోంది. తలను కాసేపు వేడినీటిలో ఉంచితే వినైల్ సాగుతుంది. అప్పుడు మెడ చివర ఉన్న గుబ్బ మీదుగా దానిని ఊడదీసి, అదే విధంగా మరొక మెడకు తొడగవచ్చు. అభిరుచిపరులు దీనిని 'రీబాడీ' అంటారు. మొండేన్నిచ్చిన బొమ్మను 'డోనర్', అంటే దాత అని పిలుస్తారు.

సేకరణ కోసం తయారైన బొమ్మలకు ముఖం ఎంతో శ్రద్ధగా చిత్రించి ఉంటుంది గానీ, చాలావాటికి చేతులు మోచేయి దగ్గర వంగవు, కాళ్లు బిగుసుకొని ఉంటాయి. 2015లో మాటెల్ 22 కీళ్లు ఉన్న 'మేడ్ టు మూవ్' బొమ్మలను విడుదల చేసింది. ఇవి కూర్చుంటాయి, మోకరిల్లుతాయి, చేయి చాపుతాయి. దానితో ఇష్టమైన ముఖాన్ని ఈ కదిలే మొండేనికి అమర్చే అవకాశం సులభమైంది. 2016లో బొద్దు, పొడవు, పొట్టి శరీరాలు కూడా రావడంతో ఎంపిక మరింత విస్తరించింది. ఒకే కొలత అందానికి ప్రమాణమని దశాబ్దాలుగా ప్రచారం చేసిన బొమ్మను కొనుగోలుదారులే స్వయంగా సవరించుకోవడం ఈ వ్యాసంగంలో గుర్తించదగిన విషయం.

3. భేతాళుడి ప్రశ్న

సోమదేవుని 'కథాసరిత్సాగరం'లోని భేతాళ కథల్లో తలలు తారుమారైన కథ సుప్రసిద్ధం. రజకుడైన ధవళుడు గౌరీ ఆలయంలో తన తలను తానే నరుక్కుంటాడు. అతని బావమరిదీ అదే పని చేస్తాడు. ప్రాణత్యాగానికి సిద్ధపడిన మదనసుందరిని దేవి వారించి, తలలను మొండేలకు చేర్చమంటుంది. తొందరపాటులో ఆమె భర్త తలను సోదరుని మొండేనికి, సోదరుని తలను భర్త మొండేనికి చేరుస్తుంది. వీరిలో ఆమె భర్త ఎవరని భేతాళుడు అడుగుతాడు. భర్త తల ఉన్నవాడే భర్త అనీ, అవయవాలలో శిరస్సు ప్రధానమనీ, వ్యక్తిని గుర్తించేది దానితోనే అనీ రాజు సమాధానమిస్తాడు.

బొమ్మల అభిరుచిపరుల వ్యవహారం అక్షరాలా ఈ తీర్పును అనుసరిస్తుంది. మొండెం ఎన్నిసార్లు మారినా బొమ్మ పేరు తలతోనే కొనసాగుతుంది. అయితే రెండింటి మధ్య ముఖ్యమైన భేదం ఉంది. కథలో తల మార్పిడి తొందరపాటు, బొమ్మల విషయంలో అది నిర్ణయం. కథలో తలలు మార్చింది మదనసుందరి అయినా, ఎవరు భర్త అన్న సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. ప్రశ్న భేతాళుడిది, జవాబు రాజుది. బొమ్మల లోకంలో మార్చిన చేతికే పేరు పెట్టే హక్కు కూడా దక్కింది.

రాజు తీర్పులోని లోపం మరొకటి. భర్త ఎవరో తేలిన వెంటనే అతని మౌనభంగం నెరవేరి, భేతాళుడు తిరిగి చెట్టెక్కుతాడు. సోదరుని తలతో, భర్త మొండెంతో నిలబడిన రెండవ మనిషి ఏమయ్యాడన్నది అక్కడ ప్రశ్నే కాదు. తీర్పు ఒకరికి పేరునిచ్చి, మరొకరిని కథ బయట వదిలివేసింది.

4. మొండెం వైపు సాక్ష్యం

శిరస్సే ప్రధానమన్న సూత్రానికి బొమ్మల చరిత్రలోనే ఒక ప్రతికూల ఉదాహరణ ఉంది. 1992లో వచ్చిన 'టీన్ టాక్ బార్బీ' మాట్లాడే బొమ్మ. గణితం కష్టమనే అర్థం వచ్చే వాక్యం దాని నోట వినిపించడంతో అమెరికాలో తీవ్ర నిరసన వ్యక్తమైంది. 1993లో 'బార్బీ లిబరేషన్ ఆర్గనైజేషన్' అనే కళాకారుల బృందం ఈ బార్బీ బొమ్మల్లోని ధ్వనిపెట్టెలను, జీ.ఐ. జో అనే సైనికుని బొమ్మల్లోని వాటితో మార్చి, ఆ బొమ్మలను తిరిగి దుకాణాల అరల్లో పెట్టింది. బార్బీ యుద్ధనినాదాలు చేసింది, సైనికుడు షాపింగ్ ముచ్చట్లు చెప్పాడు. ఇక్కడ తల మారలేదు, ముఖం మారలేదు. మొండెంలో దాగిన యంత్రం మాత్రమే మారింది. అయినా ఆ బొమ్మను పాత బార్బీ అనడం ఎవరికీ సాధ్యం కాలేదు. మాట తల నుంచి పుడుతుందన్న నమ్మకాన్ని ఈ చర్య తలక్రిందులు చేసింది.

కర్నాడ్ 1971 నాటి 'హయవదన' నాటకంలో ఇదే సమస్యను నాటకీయంగా పరీక్షించాడు. భేతాళ కథనూ, దాని ఆధారంగా థామస్ మన్ 1940లో రాసిన జర్మన్ నవలికనూ ఆయన తన అవసరాలకు మలచుకున్నాడు. దేవదత్తుని తల కపిలుని దృఢమైన మొండేనికి చేరుతుంది. ఆ మొండెం క్రమంగా మెత్తబడుతున్న సంగతిని మొదట బయటపెట్టేది మనుషులు కాదు, ఉజ్జయిని సంత నుంచి తెచ్చిన రెండు బొమ్మలు. తమను పట్టుకున్న చేతులు తొలిరోజుల్లో గరుకుగా ఉండేవనీ, తరువాత నునుపెక్కాయనీ అవి చెప్పుకుంటాయి. శరీరం తలకు లొంగడమన్నది ఒక్క క్షణంలో తేలే తీర్పు కాదనీ, రోజులు పట్టే పెనుగులాట అనీ ఈ సంభాషణ తెలుపుతుంది. భేతాళ కథ వదిలేసిన రెండవ మనిషిని కర్నాడ్ వదలలేదు. కపిలుని తలతో ఉన్నవాడు అడవికి వెళతాడు, నాటకమూ అతని వెంట వెళుతుంది. మొండెంలో మిగిలిన స్పర్శ జ్ఞాపకాలు అతన్ని బాధిస్తాయి.

5. అతుకు, వర్ణం

ప్లాస్టిక్ మొండెం తలకు లొంగి మారదు. కనుక బొమ్మలో తలా మొండెమూ కలిసే చోటు, అంటే మెడ దగ్గరి అతుకు, ఎప్పటికీ నిలిచే ఉంటుంది. రెండింటి రంగు ఏకమైతే అది కంటికి ఆనదు, భేదిస్తే కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. అభిరుచిపరులు రంగులు సరిపోల్చడానికి ఎంతో శ్రమిస్తారు. సరిపోనప్పుడు మొండేనికి రంగు వేస్తారు, లేదా మెడను కంటెతోనో ఎత్తు కాలరుతోనో కప్పుతారు. బొమ్మ 'ఒకే మనిషి'గా కనిపించడానికి ముక్కు, కన్ను, కొలతల కంటే చర్మవర్ణమే మొదటి షరతుగా మారడం ఇక్కడ గమనించాలి.

ఈ షరతు వెనుక బొమ్మల పరిశ్రమ చరిత్ర ఉంది. 1967లో విడుదలైన 'కలర్డ్ ఫ్రాన్సీ' అనే నల్లజాతి బొమ్మకు తెల్ల ఫ్రాన్సీ తల అచ్చునే వాడారు, వినైల్ రంగు మాత్రమే మార్చారు. ఇటువంటి బొమ్మలు భేదాన్ని గౌరవించవనీ, రంగు పూసి అమ్ముతాయనీ ఆన్ డుసిల్ 1994లో విమర్శించారు. పరిశ్రమ ఒకే అచ్చుకు రంగులద్ది వేర్వేరు మనుషులని అమ్మింది. అభిరుచిపరులు వేర్వేరు బొమ్మలను రంగుతో కలిపి ఒకే మనిషి అంటున్నారు. దిశలు వేరైనా రెండింటిలోనూ తీర్పరి వర్ణమే. స్వేచ్ఛగా కనిపించే ఈ సృజనకు ఉన్న ప్రధానమైన పరిమితి ఇదే.

6. మిగిలిన తల: ఎల్లమ్మ కథ ఇచ్చే జవాబు

ఒక తల మార్పిడి పూర్తయ్యాక బల్ల మీద ఒక బిగుసుకున్న మొండెం, ఒక అక్కరలేని తల మిగులుతాయి. ఆ తల దాతది. దాత అన్న పేరు గౌరవంగానే ఉంది గానీ, దానం ఇచ్చే ఉద్దేశం ఆ బొమ్మకు ఆపాదించినదే. దానిని కొన్నది మొండెం కోసం, దాని ముఖం ఎవరికీ గుర్తుండదు.

ఈ సందర్భంలో తెలుగు, కన్నడ, మరాఠీ ప్రాంతాల్లో వ్యాపించిన రేణుకా ఎల్లమ్మ కథ స్మరణీయం. తెలంగాణలో బవనీలు జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథను గానం చేస్తారు. ప్రాంతాన్ని బట్టి కథనాలు మారినా, ప్రచారంలో ఉన్న ఒక కథనంలో పరశురాముడు తల్లి రేణుకతో పాటు, ఆమెకు అండగా నిలిచిన మాతంగి తలనూ నరుకుతాడు. తిరిగి బ్రతికించే వేళ తలలు తారుమారవుతాయి. ఒకరు ఋషిపత్ని, మరొకరు సమాజం అంటరానిదన్న కులపు స్త్రీ. శిరస్సే ప్రధానమన్న సూత్రాన్ని ఇక్కడ వర్తింపజేస్తే, పై కులపు తలకు సేవ చేసే శరీరంగా మాతంగి మిగలాలి. కానీ జానపద సంప్రదాయం ఒకరిని ఎంచుకొని మరొకరిని విడిచిపెట్టలేదు. ఇద్దరూ దేవతలై పూజలందుకున్నారు. తెలంగాణ సరిహద్దుకు చేరువలోని మాహుర్ క్షేత్రంలో రేణుక ముఖరూపంలో కొలువై ఉంది. మాతంగి పేరు కూడా ఆరాధనలో చెరగలేదు. ఎవరు అసలైనవారన్న రాజు ప్రశ్నకు బదులు, ఇద్దరికీ ఎక్కడ చోటిద్దామన్న ప్రశ్నను ఈ కథ వేసుకుంది.

బొమ్మకు ప్రాణం లేదు కదా, మిగిలిన తలకు బాధ ఏమిటన్న ఆక్షేపణ రావచ్చు. అది నిజమే. విమర్శ ఇక్కడ వెతికేది బొమ్మ బాధను కాదు, మన ఎంపికను. ఏ ముఖాన్ని నిలుపుకోదగినదిగా, ఏ శరీరాన్ని వాడుకోదగినదిగా భావిస్తున్నామో ప్రాణం లేని వస్తువు దగ్గర మరింత నిస్సంకోచంగా బయటపడుతుంది.

7. ముగింపు

ఫ్యాషన్ బొమ్మల తల మార్పిడి, కర్మాగారం నిర్ణయించిన శరీరాన్ని తిరస్కరించే స్వేచ్ఛను వినియోగదారులకు ఇచ్చింది. ముఖ్యంగా కదలిక లేని అందానికి కదలికనిచ్చింది. ఈ మేలును కాదనలేము. అయితే పేరును తలకు, ఐక్యతను వర్ణానికి అప్పగించడంలో అది పాత తీర్పులనే పాటిస్తోంది. మొండెం కూడా మాట్లాడుతుందని ధ్వనిపెట్టెల మార్పిడి, శరీరానికీ జ్ఞాపకం ఉంటుందని 'హయవదన', మిగిలినవారికీ గుడి ఉండాలని ఎల్లమ్మ కథ ఆ తీర్పులను ప్రశ్నించాయి. భేతాళ కథను తరగతిలో బోధించేటప్పుడు రాజు జవాబుతో ఆగిపోవడం మనకు అలవాటు. సోదరుని తలతో నిలబడిన ఆ రెండవ మనిషి గురించి విద్యార్థుల చేత అడిగించగలిగితే, ఆ కథ అధికారం గురించి కూడా మాట్లాడటం మొదలుపెడుతుంది.