పొరపాటుకూ మోసానికీ నడుమ

సింగపూర్ ఉత్తర కొసన ఉన్న సెంబవాంగ్‌లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఇళ్ళ బ్లాకుల కింది అంతస్తుల్లో నడిచే చిన్న క్లినిక్కులకూ దంతవైద్యశాలలకూ వచ్చే ఆదాయంలో కొంత రోగి జేబు నుంచి, కొంత ప్రభుత్వ ఖజానా నుంచి వస్తుంది. 2012లో ‘చాస్’ అన్న పేరుతో మొదలైన కమ్యూనిటీ హెల్త్ అసిస్ట్ స్కీమ్ కింద రోగి తన కార్డు చూపిస్తే రాయితీ మేరకు బిల్లు తగ్గుతుంది. తగ్గిన ఆ మొత్తాన్ని క్లినిక్ ప్రభుత్వానికి క్లెయిమ్ పెట్టి రాబట్టుకుంటుంది. తక్కువ, మధ్యస్థ ఆదాయం ఉన్న కుటుంబాల కోసం ఉద్దేశించిన ఈ పథకం 2019 నవంబరులో గ్రీన్ కార్డు రావడంతో పౌరులందరికీ ఏదో ఒక మేరకు అందుబాటులోకి వచ్చింది. రోగి నోట్లోకి తొంగి చూసి, పన్ను నిజంగా శుభ్రం చేశారో లేదో నిర్ధారించుకున్నాక డబ్బు విడుదల చేసే అధికారి ఎక్కడా ఉండడు కనుక ఈ ఏర్పాటంతా వైద్యుడి మాట మీద నిలబడి ఉంటుంది. తనిఖీ ఆ తరువాత, ఒక్కొక్కసారి ఏళ్ళ తరువాత, జరుగుతుంది. చేయని చికిత్సకు చాస్ క్లెయిములు పెట్టిన దంతవైద్యులు సింగపూర్ కోర్టుల్లో శిక్షలు పొంది జైలుకు వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. అటువంటి అభియోగం ఎదుర్కొనే వ్యక్తి పక్షాన నిలబడే న్యాయవాది పని ఎలాంటిదన్నది ఇక్కడ పరిశీలనాంశం.

అభియోగం సాధారణంగా మోసగించడం ద్వారా ఆస్తిని రాబట్టడమనే నేరానికి సంబంధించిన 420వ సెక్షన్ కింద నమోదవుతుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిని అనుసరించే స్ట్రెయిట్స్ సెటిల్‌మెంట్ల శిక్షాస్మృతి 1871లో రూపొందింది కాబట్టి, తెలుగునాట ప్రతి వీధిలోనూ తిట్టుగా చెలామణీ అయ్యే ఆ అంకె సింగపూర్‌లో నేటికీ అదే అర్థంతో చట్టంలో ఉంది; భారతదేశంలో మాత్రం 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చి ఆ అంకె మారింది. సింగపూర్‌లో ఈ నేరానికి పదేళ్ళ వరకూ జైలు, జరిమానా ఉంటాయి. 2020 నుంచి అమలులో ఉన్న 424ఏ సెక్షన్ మరింత విస్తృతమైనది. తప్పుడు ప్రకటన చేసినవారికి డబ్బు అందినా అందకపోయినా, దురుద్దేశం రుజువైతే, ఇరవయ్యేళ్ళ వరకూ జైలుశిక్ష వేసే వీలు అది కల్పిస్తుంది. ఒక్కో క్లెయిమ్ ఒక్కో నేరంగా లెక్కకు వస్తుంది గనుక, చిన్న మొత్తాల క్లెయిములు కూడా పదుల సంఖ్యలో అభియోగాలుగా పేరుకుపోయి, మొదటిసారి అభియోగపత్రం చదివిన మనిషిని నిలువునా కుదిపేస్తాయి.

ఈ రెండు సెక్షన్లకూ ప్రాణం దురుద్దేశంలో ఉంది. క్లెయిమ్ తప్పని రుజువైనంత మాత్రాన నేరం రుజువు కాదు. అన్యాయమైన లాభం పొందాలన్న, లేదా మరొకరికి అన్యాయంగా నష్టం కలిగించాలన్న ఉద్దేశంతోనే అది పెట్టారని సహేతుకమైన సందేహానికి తావు లేకుండా ప్రాసిక్యూషన్ నిరూపించాలి. తనిఖీలో తేలే తప్పులన్నీ బయటికి ఒకేలా కనిపించినా, లోపల వేర్వేరు కథలు ఉంటాయి: చికిత్స నిజంగానే చేసి, కేసు షీటులో ఒక్క ముక్క రాసి వదిలేసిన వైద్యుడు ఒకరు, మార్గదర్శకాలను అపార్థం చేసుకొని, తేలికపాటి చికిత్సను పెద్ద చికిత్స కోడ్ కింద నమోదు చేసినవారు మరొకరు, తన లాగిన్‌తో సిబ్బంది ఏం నమోదు చేస్తున్నారో ఏనాడూ చూడనివారు ఇంకొకరు, క్లినిక్‌కు రాని రోగి పేరు మీద బిల్లు పెట్టినవారు వేరొకరు. మొదటి ముగ్గురి నిర్లక్ష్యానికి వృత్తి నియంత్రణ మండలి విచారణ, డబ్బు వాపసు, పథకం నుంచి తొలగింపు వంటి పరిష్కారాలు ఉండగా, నాలుగో వ్యక్తి కోసం ఉద్దేశించిన శిక్షను వారిమీదా ప్రయోగిస్తే చట్టం దారి తప్పినట్టే అవుతుంది.

మెడిసేవ్ వ్యవహారాల్లో పొరపాటుకూ మోసానికీ నడుమ గీత మరీ పలుచబడుతుంది. 1984లో మొదలైన మెడిసేవ్ అంటే జీతంలోంచి తప్పనిసరిగా పక్కన పడే వైద్యపు పొదుపు ఖాతా. అందులోని డబ్బు ఖాతాదారుదే అయినా, దేనికి ఎంత తీయవచ్చో పరిమితులు ఉంటాయి, దంతచికిత్సలో శస్త్రచికిత్స అవసరమైన వాటికే అది వర్తిస్తుంది. ఒకే రోజు అమర్చిన ఇంప్లాంట్లను వేర్వేరు రోజుల్లో అమర్చినట్టు చూపి, రోగి తన ఖాతా నుంచి ఎక్కువ తీసుకునేలా చేసిన వైద్యుడిని ఊహించుకుంటే, చికిత్స నిజం, రోగి సమ్మతి నిజం, తేదీ మాత్రం అబద్ధం. డబ్బు రోగిదే కదా, ఎవరికి నష్టమన్న వాదన వినడానికి బాగున్నా కోర్టులో నిలవడం కష్టం, ఎందుకంటే ముసలితనానికి దాచిన సొమ్మును కాపాడే బాధ్యత చట్టం ఆ ఖాతాలను నిర్వహించే సీపీఎఫ్ బోర్డు మీద పెట్టింది, ఆ అబద్ధపు తేదీ వల్ల మోసపోయింది ఆ బోర్డు. అనుభవం ఉన్న న్యాయవాది ఈ వాదనను నిర్దోషిత్వం కోసం వాడడు. వైద్యుడికి దక్కిన లాభమెంత, రోగికి జరిగిన హాని ఏమిటి అన్న ప్రశ్నలు లెక్కలోకి వచ్చే శిక్ష నిర్ణయం దశకు దాన్ని దాచి ఉంచుతాడు. ఏ వాదన ఏ దశకు చెందుతుందో తెలియడం ఈ వృత్తిలో సగం పనితనం.

చాలా కేసులు కోర్టు మెట్లు ఎక్కకముందే చెడిపోతాయి. ఆరోగ్యశాఖ తనిఖీ బృందం వివరణ అడిగినప్పుడు, వ్యవహారం త్వరగా ముగిసిపోవాలన్న ఆత్రంతో వైద్యుడు ‘నా వల్ల తప్పు జరిగింది, క్షమించండి’ అని రాసిచ్చిన ఉత్తరం తరువాత నేరాంగీకారంగా చదవబడే ప్రమాదం ఉంది. అభియోగం మోపేటప్పుడు నిందితుడికి నోటీసు చదివి వినిపించి నమోదు చేసే వాంగ్మూలానికి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 23వ సెక్షన్ ప్రత్యేకమైన బరువు ఇస్తుంది: అప్పుడు చెప్పకుండా దాచిన విషయాన్ని విచారణలో మొదటిసారి బయటపెడితే దాన్ని నమ్మే అవకాశం తగ్గుతుంది. మరోవైపు సింగపూర్ రాజ్యాంగం 9వ అధికరణం న్యాయవాదిని సంప్రదించే హక్కు ఇస్తున్నా, అది అరెస్టయిన మరుక్షణమే అమలయ్యే హక్కు కాదనీ, సహేతుకమైన వ్యవధిలో దక్కేదనీ కోర్టులు అర్థం చెప్పాయి. మాట్లాడితే ఒక నష్టం, మౌనంగా ఉంటే మరో నష్టం ఉన్న ఆ గంటల్లో నిందితుడు ఒంటరిగా ఉండవచ్చు. ఆరోగ్య పథకాల కేసుల్లో సలహా తనిఖీ ఉత్తరం అందిన రోజే తీసుకోవాలని చెప్పడానికి ఇంతకంటే బలమైన కారణం అక్కర్లేదు.

ఆ తరువాతి పని ఓపికతో కాగితాలు చదవడం. కేసు షీటులో రాయనిది మరో చోట మిగిలి ఉండవచ్చు: అపాయింట్‌మెంటు పుస్తకంలో కేటాయించిన అరగంట, ఎక్స్‌రే మీద పడిన తేదీ, కట్టుడు పళ్ళు తయారుచేసిన ల్యాబ్ పంపిన బిల్లు, స్టాకు రిజిస్టరులో తగ్గిన సామగ్రి. ఇవన్నీ ఒక వరుసలో పెడితే జరగలేదన్న చికిత్స జరిగిందని తేలవచ్చు. జరగలేదన్న సంగతే మరింత గట్టిపడనూ వచ్చు, అలా అయినప్పుడు కక్షిదారుకు ఆ నిజాన్ని ముందుగా చెప్పవలసింది కూడా న్యాయవాదే. ప్రాసిక్యూషన్ దగ్గరున్న సామగ్రిలో నిందితుడికి ఉపకరించేది ఏదైనా ఉంటే, తాము వాడుకోకపోయినా దాన్ని బయటపెట్టాలని 2011లో ముహమ్మద్ బిన్ కదర్ కేసులో సింగపూర్ అప్పీళ్ళ కోర్టు నిర్దేశించింది. 2020లో ముహమ్మద్ నబిల్ కేసులో కేసుకు ముఖ్యమైన సాక్షుల వాంగ్మూలాలకు కూడా ఆ బాధ్యతను విస్తరింపజేసింది. ఆ రెండూ ఆరోగ్య మోసాల కేసులు కావు, అయినా ప్రతి పేజీ విలువైన కాగితాల కేసుల్లో వాటి మేలు అపారం.

సాక్షులుగా వచ్చే రోగుల్లో వృద్ధులు ఎక్కువ. మూడేళ్ళ క్రితం ఒక మంగళవారం నాడు ఎన్ని పళ్ళకు సిమెంటు నింపారో, నోరు మొద్దుబారి కుర్చీలో వెనక్కి వాలి పడుకున్న మనిషి, దుబాసీ ద్వారా, ప్రమాణం చేసి చెప్పాలి. అటువంటి సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అబద్ధాలకోరుగా చిత్రించడం అన్యాయమే కాక తెలివితక్కువ పని. ఆ జ్ఞాపకం ఎంతవరకు నమ్మదగినదో మర్యాదగా, చిన్న చిన్న ప్రశ్నలతో కోర్టుకు చూపించడమే ఉత్తమ న్యాయవాది చేసేది.

తెలుగు పాఠకులకు ఈ ప్రశ్నలు కొత్తవి కావు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో శస్త్రచికిత్సకు ముందస్తు అనుమతి, ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర వంటి కాపలా ఏర్పాట్లు ఉన్నాయి. అయినా అనవసరంగా గర్భసంచి తొలగింపులు జరుగుతున్నాయన్న ఆందోళన అప్పట్లోనే తలెత్తింది. తెలంగాణలో ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి దొంగ బిల్లులతో డబ్బు కాజేశారంటూ 2024లో సీఐడీ పలు ప్రైవేటు ఆసుపత్రులపై కేసులు నమోదు చేసింది. పేదవాడి వైద్యానికి కేటాయించిన సొమ్ము తినడం నీచమైన నేరమని చెప్పడానికి ఎవరూ సందేహించనక్కర్లేదు. ఆ కోపం న్యాయమైనదే అయినందువల్లే, ఆసుపత్రి పేరు పత్రికలో వచ్చిన రోజే అక్కడ పనిచేసే ప్రతి ఒక్కరూ దొంగే అన్న భావన స్థిరపడకుండా, ఎవరు రాశారు, ఎవరు సంతకం పెట్టారు, ఎవరికి తెలుసు అన్న ప్రశ్నలను కోర్టులో ఒక్కొక్కటిగా అడిగేవారు ఉండాలి. అమెరికాలో 1997లో రట్‌గార్డ్ అనే కంటి వైద్యుడి కేసులో అప్పీలు కోర్టు సరిగ్గా ఇదే పని చేసింది: ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్‌కు పెట్టిన కొన్ని క్లెయిములు మోసమని అంగీకరించి ఆ మేరకు నేరనిర్ధారణను నిలబెడుతూనే, అంతమాత్రాన ఆయన వైద్యమంతా మోసమేనన్న నిర్ణయాన్ని అంగీకరించలేదు.

నేరం ఒప్పుకోవాలా వద్దా అన్నది చివరికి కక్షిదారు తేల్చుకోవలసిన విషయం. సింగపూర్‌లో 2023 అక్టోబరు నుంచి అమలైన మార్గదర్శకాల ప్రకారం తొలిదశలోనే ఒప్పుకున్నవారికి శిక్ష 30 శాతం వరకూ తగ్గవచ్చు. కొన్ని అభియోగాల మీదే విచారణ సాగించి, మిగిలినవాటిని శిక్ష నిర్ణయంలో పరిగణనలోకి మాత్రం తీసుకునే పద్ధతీ ఉంది. అభియోగాన్ని తగ్గించమనో విరమించుకోమనో అటార్నీ జనరల్ కార్యాలయానికి కారణాలతో రాసే విజ్ఞాపన ఈ దశలో న్యాయవాది చేతిలోని ముఖ్య సాధనం. వైద్యుడి విషయంలో మరో లెక్క కూడా ఉంది: దురుద్దేశం మూలాంశంగా ఉన్న నేరాన్ని ఒప్పుకోవడమంటే వైద్య మండలి ముందు రిజిస్టరు నుంచి పేరు తొలగింపు ముప్పును కొనితెచ్చుకోవడమే కనుక, జైలుశిక్షలో నెలలు తగ్గించుకునే క్రమంలో జీవితకాలపు వృత్తి పోవచ్చని ముందే విడమరిచి చెప్పాలి.

క్లెయిములు నమోదు చేసే క్లినిక్ అసిస్టెంటు పరిస్థితి వైద్యుడి కంటే దుర్భరం. యజమాని చెప్పిన అంకె కొట్టిన ఆ ఉద్యోగి సాక్షిగా మిగులుతారో, సహనిందితులు అవుతారో చాలాకాలం తేలదు; 2022 డిసెంబరులో ప్రారంభమైన పబ్లిక్ డిఫెండర్ కార్యాలయం ఆర్థిక అర్హత ఉన్న పౌరులకూ శాశ్వత నివాసులకూ న్యాయవాదిని ఇస్తుంది తప్ప, వర్క్ పర్మిట్ మీద వచ్చినవారికి కాదు. యజమాని తన ఖర్చుతో తన న్యాయవాదినే ఇద్దరికీ కుదిర్చినప్పుడు, వైద్యుడు తనకు తెలియదనీ, ఉద్యోగి వైద్యుడే చెప్పాడనీ అనవలసి వచ్చే కేసులో ఆ ఒక్క న్యాయవాది ఇద్దరికీ న్యాయం చేయలేడు కాబట్టి, మొదటి సమావేశంలోనే ఇద్దరిలో ఒకరిని వేరే న్యాయవాది దగ్గరికి పంపవలసి ఉంటుంది.