బలాంగిగా గంటలు: ఎవరి చావుకి లెక్క?

చచ్చిపోయినవాళ్లకి స్మారకం పెట్టడం మంచిపనే. అయితే అది ఎవరు పెట్టారు, ఎవరి చావుని లెక్కలోకి తీసుకున్నారు అని అడక్కుండా ఏ స్మారకం ముందూ మేం తల వంచలేం. ఫిలిప్పీన్స్‌లోని సమార్ దీవిలో బలాంగిగా అనే ఊరి చర్చి గంటల చరిత్ర ఈ ప్రశ్ననే మన ముందుంచుతోంది.

1901లో అమెరికన్ సైన్యం ఆ ఊళ్లో దిగింది. మగవాళ్లని నిర్బంధించి వెట్టి చేయించింది, తిండిగింజలు నాశనం చేసింది. సెప్టెంబరు 28 పొద్దున చర్చి గంట మోగింది. ఊరివాళ్లు కత్తులతో తిరగబడ్డారు. 48 మంది సైనికులు చనిపోయారు. ప్రతీకారంగా జనరల్ జేకబ్ స్మిత్, ఆయుధం పట్టగల పదేళ్లు దాటిన ప్రతివాణ్నీ చంపమన్నాడు. ఊళ్లు తగలబడ్డాయి. 1902లో సైనిక న్యాయస్థానం అతనికి వేసిన శిక్ష మందలింపు. ఆ తర్వాత పదవీ విరమణ. అంతే!

మూడు గంటల్నీ సైన్యం ఎత్తుకుపోయింది. ఒకటి దక్షిణ కొరియాలోని అమెరికన్ శిబిరానికి చేరింది. రెండు వయోమింగ్‌లోని సైనిక స్థావరంలో చనిపోయిన సైనికులకి స్మారకమైనాయి. తిరిగివ్వమంటే కొందరు మాజీ సైనికులు అడ్డుపడ్డారు. ఆ సైనికులూ మనుషులే, వాళ్ల తల్లుల ఏడుపూ నిజమే. దాన్ని మేం కాదనడం లేదు. కానీ దోచుకొచ్చిన వస్తువునే స్మారకం చేస్తే ఏమౌతుంది? దోపిడీని ప్రశ్నించినవాడు మృతుల్ని అవమానించినవాడైపోతాడు. సైనికులది 48 అని లెక్కుంది. సమార్‌లో చచ్చినవాళ్లెందరో ఇవాళ్టికీ అందరూ ఒప్పుకున్న లెక్క లేదు. 2018 డిసెంబరులో గంటలు ఊరికి తిరిగొచ్చాయి. లెక్క మాత్రం రాలేదు.

ఇది ఎక్కడో దీవి సంగతి కదా అనుకోవద్దు. చుండూరులో 1991 ఆగస్టు 6న అగ్రకులాలవాళ్లు 8 మంది దళితుల్ని నరికి చంపారు. వాళ్లని పాతిపెట్టిన నేలకి మనవాళ్లు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. కోర్టు కాగితంలో హంతకులు లేరు, రక్తక్షేత్రంలో సమాధులున్నాయి.

అందుకే స్మారకాన్ని శిల్పంగానో, గంటగానో చూసి మెచ్చుకుని ఊరుకునే విమర్శ మనకి చాలదు. చనిపోయినవాళ్ల పేర్లతోపాటు చంపిందెవరో కూడా చెబుతోందా? అది చెప్పని స్మారకం ఎంత గట్టిగా మోగినా సగమే మోగినట్టు.